ముందు మీరు పొడుచుకోండి

మధ్యాహ్న భోజనాలై రెండు గంటలు కావస్తోంది. ఇంటి ముందుగదిలోనే దర్జీ దుకాణం. దర్జీ కుట్టుమిషను దగ్గర కూర్చుని ఉన్నాడు. నర్సుగా పనిచేసి రిటైరైన అతని అక్క, కొత్త కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడి ఉంది.

"కోటు బాగుందిరా. చేతులు సరిపోయాయి, భుజాలు సరిపోయాయి. గుండీలు కూడా ఎంత ముద్దుగా ఉన్నాయో. ఒక్కటే అనుమానం. వీటిని ఎందులో దూర్చాలి?"

"కాజాలు రేపు కుడతానక్కా."

"పోయిన వారం కూడా రేపే అన్నావు. నీ క్యాలెండర్లో ఇంకో రోజు లేదా?"

"పని ఎక్కువగా ఉంది."

"కనిపిస్తూనే ఉంది. నేనొచ్చి అరగంటైంది. ఆ అరగంటా నువ్వు ఒక్క సూదిలో దారం ఎక్కిస్తూనే ఉన్నావు. ఇంకా ఎక్కలేదు."

"దారం పీచు లేస్తోంది."

"ఓహో, దారానిదా తప్పు. ఆ చెయ్యి ఇలా పెట్టు."

"ఎందుకూ?"

"జాతకం చెబుతాను. పెట్టరా."

"అక్కా, స్కూలు యూనిఫారాలు నలభై ఉన్నాయి, సోమవారానికి..."

"పెట్టు."

"మెల్లగా. మెల్లగా పట్టుకో, నొప్పి."

"ఇదేంట్రా, వేలా జల్లెడా? చూపుడువేలు నిండా చుక్కలే. బొటనవేలూ అంతే. చివర్లు చూడు, చెప్పు అడుగులా గట్టిపడిపోయాయి."

"సూది గుచ్చుకుంది. దర్జీకి సూది గుచ్చుకోవడం కూడా వింతేనా?"

"ముప్పై ఏళ్ళుగా కుడుతున్నావు. ఇన్నాళ్ళూ బుద్ధిగా ఉన్న సూది, ఇప్పుడు పనిగట్టుకుని వేలి నడిబొడ్డునే వెతుక్కుని గుచ్చుకుంటోందా? ఒరేయ్, నేను ముప్పై నాలుగేళ్ళు వార్డుల్లో తిరిగాను. కుట్టుసూది గాటేదో, షుగర్ పరీక్షకు పొడిచిన గాటేదో నాకు చెప్పకు."

"టీ తాగుతావా?"

"తాగను. ఎప్పటి నుంచి?"

"ఏది?"

"టీ. ఇంకేం అడుగుతాను నిన్ను? షుగర్ ఎప్పటి నుంచిరా?"

"నాకు లేదు."

"లేదా. మరి సరదాకి పొడుచుకుంటున్నావా? సాయంత్రాలు తోచక?"

"అలాంటిదేలే. వదిలెయ్."

"వదిలేస్తాను. ఆ దారపురీళ్ళ వెనక దాచిన సంచీ ఇలా ఇస్తే వదిలేస్తాను."

"అందులో గుండీలున్నాయి."

"గుండీలకి జిప్పు సంచీ కుట్టావా, ఎంత శ్రద్ధ. ఇటివ్వు... ఇదిగో, షుగర్ చూసే మిషను. స్ట్రిప్పులు. పొడిచే పెన్నులు రెండు. రెండెందుకురా, ఒక్కో చేతికి ఒక్కోటా?"

"ఆ నీలం పెన్ను ముట్టుకోకు. తెల్లది నాది."

"నీదన్నావు, సంతోషం. ఈ తెల్లదాంట్లో సూది ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

"మార్చాను."

"ఎప్పుడు?"

"మొన్న... ఆ ముందు వారం."

"రోజుకు ఎన్నిసార్లు పొడుస్తున్నావు?"

"మూడు."

"అంటే కొసన మొద్దుబారిపోయిన సూదితో, రోజుకు మూడుసార్లు, ఈ రెండు వేళ్ళనే. నీ కుట్టుమిషనుకి మొద్దు సూది పెడతావా?"

"పెడితే గుడ్డ పీక్కుపోదూ."

"గుడ్డ పీక్కుపోతుందని తెలుసు. వేలు మాత్రం పీక్కుపోదు. అది నాన్నగారిచ్చిన అసలుసిసలు తోలు కదా."

"ఒక్కసారి వాడి పారెయ్యాలంటే మనసు రాదక్కా. ఇంత చిన్న సూది."

"ఇంత చిన్నది కాబట్టే ఒక్కసారికే పనికొస్తుంది. ఇదేంటి, ఈ తిప్పుడు మీట ఐదు మీద పెట్టావు? ఐదు ఏనుగులకి. రెండు చాలు నీకు. రక్తం రాకపోతే అప్పుడు మూడుకి వెళ్ళు."

"మెల్లగా పొడిస్తే చుక్క రావట్లేదు."

"ఎలా వస్తుంది, చేతులు ఐసులా ఉంటే. పొడిచే ముందు గోరువెచ్చని నీళ్ళతో కడుక్కుంటున్నావా?"

"స్పిరిటుతో తుడుస్తున్నాను. మూడు పూటలా."

"అందుకే బీటలు తీసింది. రోజూ స్పిరిటు పూస్తే చర్మం ఎండిపోతుందిరా. సబ్బు, వెచ్చని నీళ్ళు, పొడిగుడ్డ. అంతే. తర్వాత చెయ్యి కిందికి వేలాడెయ్యి, ఒక్క నిమిషం. రక్తం అదే దిగుతుంది. నువ్వేం చేస్తున్నావు, పిండుతున్నావా?"

"కొంచెం."

"కొంచెమా? ఈ కమిలింది చూస్తే చెరుకు రసం తీసినట్టుంది. ఇంకోటి. వేలి మధ్యలో ఎప్పుడూ పొడవకూడదు. నరాలన్నీ అక్కడే ఉంటాయి. పక్కన పొడవాలి, అంచున. బొటనవేలూ చూపుడువేలూ నీకు అన్నం పెట్టే వేళ్ళు, వాటిని అసలు తాకకు. మధ్యవేలు, ఉంగరం వేలు, చిటికెనవేలు. ఒకరోజు ఎడమచెయ్యి, ఒకరోజు కుడిచెయ్యి. వంతులు పెట్టు."

"వంతులు పెట్టడానికి వాళ్ళేమైనా తోడికోడళ్ళా."

"వాళ్ళైతే ఈపాటికి వేరు కాపురం పెట్టేవాళ్ళు. రాత్రి పడుకునే ముందు వేళ్ళకి వాజలైన్ రాసుకో. పొద్దున పరీక్షకి ముందు శుభ్రంగా కడిగెయ్యి. అర్థమైందా, రాసివ్వాలా?"

"అర్థమైంది. కానీ నాకు షుగర్ లేదక్కా."

"మళ్ళీ మొదలు. ఒరేయ్, పదేళ్ళుగా ఒక్క పరీక్ష చేయించుకోరా అని నిన్ను బతిమాలుతున్నాను. మీ ఆవిడ బతిమాలుతోంది. దర్జీల సంఘం వాళ్ళు ఉచితంగా పరీక్షలు పెడితే బాత్రూం కిటికీలోంచి దూకి పారిపోయినవాడివి. ఆ కిటికీలో నీ నడుము ఎలా పట్టిందా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను."

"కొలత చూసుకునే దూకాను."

"అలాంటివాడివి, ఇప్పుడు రోజుకు మూడుసార్లు పొడుచుకుంటూ, లేదంటావేంటి? దాస్తావెందుకు? నాన్న కూడా ఇలాగే దాచాడు. కాలివేలి పుండుని మేజోడులో పెట్టుకుని నెలన్నర తిరిగాడు. మేజోడు విప్పింది నేను. ఆ వాసన నాకు ఇంకా..."

"నాన్న సంగతి ఇప్పుడెందుకు?"

"ఎందుకా. నువ్వు అప్పుడు గదిలోకి రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడ్డావు. కట్టు కట్టడానికి వేరే మనిషే లేనట్టు అన్నీ నేనే చేశాను."

"నాకు చూడటం చేతకాదు. అందరికీ నీలా ఉండదు."

"అందుకే అడుగుతున్నా. చూడటం చేతకానివాడివి పొడుచుకోవడం ఎలా చేతనైంది?"

"అత్తయ్య కోసం."

"ఎవరి కోసం?"

"మా అత్తగారి కోసం. ఇప్పుడు నవ్వు, నవ్వుతావని తెలిసే చెప్పలేదు."

"నవ్వను. నువ్వూ మీ అత్తగారూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏడాదవుతోంది. ఆవిడ గదిలోంచి వస్తే నువ్వు వీధిలోకి పోతావు. అలాంటిది ఆవిడ కోసం నువ్వు రక్తం ధారపోస్తున్నావా?"

"ఆవిడకి షుగర్ వచ్చింది. మూడు వారాలైంది. రోజుకు మూడుసార్లు ఇంట్లోనే చూడమన్నాడట డాక్టరు. మా ఆవిడకి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయట. నన్ను చెయ్యమంది."

"మీ ఆవిడకా? చేపలు కోసేది, కోళ్ళు కోసేది, ఈ ఇంట్లో ఆవిడేగా?"

"మనుషుల రక్తం వేరట."

"ఊఁ. తర్వాత?"

"మొదటిరోజు పెన్ను పట్టుకెళితే ముసలావిడ చెయ్యి దుప్పట్లో దాచేసుకుంది. 'అల్లుడుగారూ, నా మీద మీకెంత ప్రేమో నాకు తెలుసు. ముందు మీరు పొడుచుకోండి. మీకేం కాకపోతే అప్పుడు నాకు పొడవండి' అంది."

"బాగుంది. రాజుగారికి వంటవాడు రుచి చూసినట్టు."

"ఒకరోజు భయం, రెండోరోజుకి తీరిపోతుందిలే అనుకున్నాను. తీరదే. ప్రతిపూటా ఇదే తంతు. పైగా ఊరికే పొడుచుకుంటే చాలదట. స్ట్రిప్పు పెట్టి అంకె తెప్పించాలట. లేకపోతే ఉత్తుత్తినే పొడుచుకున్నట్టు నటించానంటుంది. నా వేళ్ళు ఇలా కావడానికి కారణం షుగర్ కాదక్కా, ఆవిడ."

"ఆగాగు. ఇద్దరికీ ఒకటే సూదా?"

"ఛ. నాకంత తెలీదా. నీలం పెన్ను ఆవిడది. సూది ప్రతిసారీ కొత్తది, మీట రెండు మీద. ఆవిడ వేలు చూడు, పట్టులా ఉంటుంది."

"అంటే అన్నీ తెలుసు నీకు. ఆవిడకి చేసేటప్పుడు డాక్టరువి, నీకు చేసుకునేటప్పుడు కసాయివి."

"నాది లెక్కలోది కాదుగా. ఆవిడకి ధైర్యం చెప్పడానికేగా. కానీ ఒకటి చెప్పనా, ఆవిడ అంకెలు చూస్తే నువ్వు నన్ను మెచ్చుకుంటావు. తొంభై రెండు. నూట నాలుగు. మొన్న తొంభై ఎనిమిది. మూడు వారాల్లో ఒక్కసారి కూడా నూట పది దాటనివ్వలేదు."

"మందులు బాగా పట్టాయన్నమాట."

"మందులేంటి, మా ఆవిడ ఏవో రెండు మాత్రలిస్తుందిలే. అసలు సంగతి నా అదుపు. నేనంటే భయం. అలమరలో బిస్కెట్లు దొంగతనంగా తింటుంది, డబ్బా ఖాళీ అవుతూనే ఉంటుంది. అయినా అంకె కదలదు. ఏ ఆసుపత్రిలో చూశావు ఇంత అదుపు?"

"ఎక్కడా చూడలేదురా. బిస్కెట్లు తిన్నాక కూడా తొంభై ఎనిమిదా?"

"జాగ్రత్త అంటే అదీ."

"సరే, మీ అత్తగారి వైభవం విన్నాను. నీది ఎంత వస్తోంది?"

"నాదేంటి?"

"అంకె."

"ఎవరిది?"

"ఎదురింటాయనది. నీదేరా."

"నేను చూడను."

"చూడవా? స్ట్రిప్పు పెట్టి, రక్తం పోసి, అంకె వచ్చాక చూడవా?"

"చుక్క అంటగానే మిషను ఆవిడ వైపు తిప్పేస్తాను. ఆవిడ చూసి సరేనంటుంది. స్ట్రిప్పు పీకేస్తాను, అంకె పోతుంది. నాకెందుకది? నాకు లేని రోగానికి అంకె ఏంటి?"

"మూడు వారాలు. రోజుకు మూడుసార్లు. ఒక్కసారి కూడా, పొరపాటున కూడా కన్ను పడలేదా?"

"గోడకున్న క్యాలెండరు చూస్తుంటాను."

"ఒరేయ్, స్ట్రిప్పు పీకితే అంకె ఎక్కడికీ పోదు. మిషను గుర్తుపెట్టుకుంటుంది. ఈ బొత్తాం నొక్కితే వెనకటివన్నీ వరసగా వస్తాయి. ఉండు."

"నొక్కకు."

"ఎందుకూ?"

"నొక్కకక్కా. ఇటివ్వు. అత్తయ్య మిషను అది, అడక్కుండా తాకితే ఊరుకోదు. ఇచ్చెయ్. నీ కోటు కాజాలు ఇప్పుడే కుట్టేస్తాను, ఇచ్చెయ్."

"మిషను ఇంత గట్టిగా పట్టుకున్నావేంటిరా?"

"నువ్వు లాక్కుంటున్నావు మరి."

లోపలి గది తలుపు తెరుచుకుంది. దర్జీ అత్తగారు చేతికర్ర పట్టుకుని వచ్చి, గుడ్డలు కత్తిరించే బల్ల పక్కన కుర్చీలో కూర్చుంది.

"అల్లుడుగారూ, రెండు గంటలైంది తిని. పొడుస్తారా, మీ అక్కగారొచ్చారని నన్ను ఇలాగే కూర్చోబెట్టేస్తారా?"

"నమస్కారం అత్తయ్యగారూ. బాగున్నారా?"

"ఎక్కడి బాగు అమ్మాయ్. షుగరు మనిషిని. మీ తమ్ముడు చూసుకుంటున్నాడు కాబట్టి ఇలా ఉన్నాను. కిందటి నెల దాకా నన్ను చూస్తే ఆయనకి వీధిలో పని గుర్తొచ్చేది."

"అత్తయ్యా, ఇవాళ మా అక్క చేస్తుంది మీకు. ముప్పై నాలుగేళ్ళ అనుభవం. నన్ను పొడవక్కర్లేదు."

"ఆవిడ కొత్తమనిషి. కొత్తమనిషంటే నాకు ఇంకా భయం. ముందు మీరు."

"చూశావా అక్కా?"

"చూశాను. పద, చేతులు కడుక్కుని రా. వెచ్చని నీళ్ళు. సబ్బు. ఆ స్పిరిటు సీసా అక్కడ పెట్టు, అది కత్తెర తుడుచుకోవడానికి పనికొస్తుంది."

"ఇదిగో, కడుక్కున్నాను."

"తుడుచుకో. చెయ్యి కిందికి వదిలెయ్. వదిలెయ్యరా, ఎవరూ ఎత్తుకుపోరు. ఇప్పుడు కొత్త సూది. మీట రెండు. ఎడమచేతి ఉంగరం వేలు. మధ్యలో కాదు, ఈ పక్కన. అటు చూడు."

"చెప్పి పొడువు. చెప్పకుండా పొడిస్తే నేను..."

"అయిపోయింది."

"ఏది?"

"అదిగో చుక్క. పిండలేదు, నలపలేదు."

"నొప్పే లేదే."

"ఉండదు. మూడు వారాలు నువ్వు పడ్డదంతా నీ సొంత తెలివికి ఫలితం. స్ట్రిప్పు ఇలా... తాకింది. ఎక్కడికిరా మొహం తిప్పుతున్నావు?"

"అత్తయ్య వైపు పెట్టు. ఆవిడే చూస్తుంది."

"ఇటు పెట్టమ్మాయ్, నా కళ్ళజోడు... ఆఁ. రెండు వందల పద్నాలుగు."

"పైకి చదవొద్దని చెప్పానా అత్తయ్యా మీకు?"

"ఇన్నాళ్ళూ చదవలేదు అల్లుడుగారూ. ఇవాళ మీ అక్కగారున్నారని చదివాను."

"ఆ మిషను తప్పు."

"తప్పే అయ్యుంటుంది. ఒక్క అంకె చూపిస్తే మీరలాగే అంటారని మా అమ్మాయి కూడా అంది. అందుకే ఈ పుస్తకం పెట్టాను. అమ్మాయ్, నువ్వు చదువు. నా రాత నాకే అర్థం కాదు."

"ఇది... తారీకులు, పూటలు, అన్నీ రాశారా అత్తయ్యగారూ?"

"రాశానమ్మాయ్, రాసీ రాసీ నోటికొచ్చేశాయి. పరగడుపున నూట యాభై ఎనిమిది. నూట అరవై రెండు. తిన్న తర్వాత రెండు వందల పది, రెండు వందల ఆరు, ఒకరోజు రెండు వందల నలభై. ఆ రోజు ఆయన పెళ్ళి భోజనానికి వెళ్ళొచ్చారు. ఇవాళ్టితో అరవై రెండు అయ్యాయి. అరవై రెండుసార్లు తప్పు చెప్పే మిషను ఉంటుందా? నాకు తెలీక అడుగుతున్నాను."

"మీకు రాయడం రాదనుకున్నాను."

"నేనూ అలాగే అనుకోనిచ్చాను."

"కూర్చోరా."

"నేను లావు లేనక్కా. నాన్నలా స్వీట్లు తినను. నాకెందుకు వస్తుంది?"

"దాన్ని అడిగితే చెప్పదు. వచ్చింది. తెలిసింది."

"కాలు తీసేస్తారా?"

"ఒక కోటుకి ఆరు కాజాలు కుట్టలేనివాడి కాళ్ళతో ఎవరికి పనిరా."

"వేళాకోళం ఆడకు."

"ఆడను. ఇటు చూడు. నాన్నకి తెలిసేసరికి పుండు పడింది. నీకు పుండు లేదు. కళ్ళు బాగున్నాయి, కాళ్ళు బాగున్నాయి. మాత్ర వేసుకో, నడువు, రెండు పూటలా అన్నం తగ్గించు. నాన్న మేజోడు విప్పే అవకాశం నాకు వేళకి ఇవ్వలేదు. నువ్విచ్చావు, తెలీకుండా. అంతే తేడా."

"నాన్న భయపడ్డాడు."

"నువ్వు పడలేదా?"

"పడ్డాను. అందుకేగా క్యాలెండరు చూసింది. కాళ్ళు తిమ్మిరెక్కుతుంటే మిషను తొక్కడం వల్ల అనుకున్నాను. దాహమైతే ఎండ అనుకున్నాను."

"ఎండ. వర్షాకాలంలో."

"అల్లుడుగారూ, మా అమ్మాయి పొద్దుటే వెళ్ళి రేపటికి డాక్టరు దగ్గర టోకెను తెచ్చింది. తొమ్మిదింటికి."

"తెలుసు. మీ టోకెను. నాకు చెప్పింది. నన్ను ఆటో మాట్లాడి ఉంచమంది."

"వెళతావుట్రా? బాత్రూం కిటికీ లేని ఆసుపత్రి అది, ముందే చెబుతున్నాను."

"వెళతాను. నవ్వకు, వెళతానన్నాను. అత్తయ్యా, ఇద్దరం కలిసే వెళ్దాం. మీకు తోడు నేను, నాకు తోడు మీరు. ఇద్దరం ఒకే జబ్బు మనుషులమయ్యాం. ఇన్నాళ్ళూ మీ మీద విసుక్కున్నాను. ఇవాళ అనిపిస్తోంది, మీరలా భయపడకపోతే నా సంగతి నాకు తెలిసేదే కాదు."

"అలా అనుకోకండి బాబూ. ముసలితనం, భయం ఉంటాయి కదా."

"ఆ పుస్తకం ఇటివ్వు అక్కా. డాక్టరుకి ఇద్దరివీ చూపిద్దాం. నా అంకెలు ఎలాగూ తిట్టించుకోవడానికే. మీవైనా చూసి ఆయన సంతోషిస్తాడు. మీవి ఎక్కడ రాశారు అత్తయ్యా, వెనక పేజీల్లోనా? ఇందులో అన్నీ నావే ఉన్నాయే."

"నావెందుకు రాస్తాను అల్లుడుగారూ, షుగర్ లేనిదాన్ని?"